పళ్లెం అంచున మిగిలినవి

"గత పన్నెండు నెలల్లో మీరు క్యాబేజీని సగటున ఎన్నిసార్లు తిన్నారు?" అని కాగితం మా ఆయనను అడిగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, ప్రశ్నను రెండుసార్లు చదివి, పెన్ను మూత తీసి, తలెత్తి నా వైపు చూశారు.

"మనం క్యాబేజీ తింటామా?"

ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి ఆయన. కొట్టువాడు తక్కెడ పళ్లెం అడుగున అతికించిన బఠాణీ గింజంత మైనాన్ని గుమ్మంలోంచే కనిపెట్టేవారు. ఊళ్లో ప్రతి కిలో ఎంత బరువుందో ఆయనకు తెలుసు. తన నోట్లోకి పోయేదాని పేరూ పరిమాణమూ మాత్రం ఎన్నడూ ఆయన తనిఖీ పరిధిలోకి రాలేదు.

"వారానికి రెండుసార్లు తింటాం," అన్నాను.

"అబ్బో," అన్నారు, ఎవరో మూడో మనిషి ఘనకార్యం విన్నట్టు. ఫారం నా ఒళ్లో పెట్టారు. "అయితే నువ్వే రాసెయ్యి. నీకు తెలుసుగా."

ఈ చివరి రెండు మాటల మీదే మా కాపురం నలభై ఒక్క ఏళ్లుగా నడుస్తోంది. మేజోళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. వాళ్లమ్మ మందులు ఏ పూట ఎన్నో నాకు తెలిసేది. కూతురి పుట్టిన తేదీ తెలిసిన మనిషి కూడా ఇంట్లో నేనొక్కదాన్నే. బడిలో చేర్చడానికి ఆయన ఒక్కరే వెళ్లిన రోజున ఆ పిల్ల రిజిస్టరులో రెండు నెలలు చిన్నదైపోయి, ఉద్యోగంలో ఆ రెండు నెలల లాభం ఇప్పటికీ అనుభవిస్తోంది. "నీకు తెలుసుగా" అన్నది మెచ్చుకోలు అని మొదటి పదేళ్లు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అది పని అప్పగింత అని.

ఆ ఫారం మా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్లాలి. ముప్పై ఏళ్లు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పినదాన్ని. కారణం ముందూ కార్యం వెనకా రావాలన్న పట్టుదల కథ చెప్పేటప్పుడు కూడా నన్ను వదలదు. ఏటా చేయించుకునే రక్తపరీక్షలో ఈసారి ఆయనకు పీఎస్ఏ అనే అంకె ఎక్కువొచ్చింది. అది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే పదార్థం. నాలుగు లోపు ఉంటే బాగుండేది. అయిదు పాయింట్ ఎనిమిది ఉంది. గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది, వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది.

"సార్‌కి డెబ్బై. ఈ వయసులో కంగారు పడాల్సినంత అంకె కాదు, వదిలెయ్యాల్సిందీ కాదు," అన్నాడు డాక్టరు. "మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. అప్పటికీ పెరుగుతుంటే స్కానింగ్, కావాలంటే ముక్క తీసి పరీక్ష. ఈలోపు బరువు తగ్గండి. తిండి ప్రభావం కూడా కొంత ఉండవచ్చు."

"ఉండవచ్చంటే ఎంత?" అన్నాను.

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. ఉడికించిన టమాటాలు ఎక్కువగా తినేవాళ్లలో ఈ జబ్బు కాస్త తక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయనీ, అలాంటిదేమీ లేదని మరికొన్ని చెప్పాయనీ అన్నాడు. పాలూ కాల్షియమూ మరీ ఎక్కువైతే ముప్పు కొంచెం పెరగవచ్చు, అదీ తేలలేదు. ఒంటి బరువు బాగా ఉన్నవాళ్లకు వస్తే తీవ్రమైన రకం వచ్చే అవకాశం ఎక్కువ, ఇది కొంత గట్టి మాట. విటమిన్ మాత్రలు మాత్రం మింగొద్దు. 'ఈ' విటమిన్ మాత్రలిచ్చి చూసిన పెద్ద పరిశోధనలో ముప్పు తగ్గకపోగా పెరిగింది. "వయసు, వంశం, వీటి ముందు తిండి చిన్నదేనమ్మా. కానీ మన చేతిలో ఉన్నది అదొక్కటే కదా," అని ముగించాడు.

నాకు అతనిమీద వాత్సల్యం పుట్టుకొచ్చింది. నాలుగు సందేహాలు ఎత్తి, నాలుగింటినీ ఒలకకుండా మళ్లీ కింద పెట్టగలిగిన విద్యార్థులు నాకు ముప్పై ఏళ్లలో ఇద్దరే తగిలారు.

అయితే ఆ మాట ఆసుపత్రి మెట్లు దిగే లోపలే మారడం మొదలుపెట్టింది. మా ఆయన మెట్లమీదే నిలబడి వాళ్లక్కకు ఫోన్ చేసి, "తిండివల్ల కూడా రావచ్చంటున్నాడక్కా," అన్నారు. ఆవిడ మా అమ్మాయికి ఫోన్ చేసి, "మీ నాన్నకి తిండివల్లే వచ్చిందిట," అన్నది. మేము బస్సు దిగి ఇంటి తాళం తీస్తుండగా అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఇన్నేళ్లూ నాన్నకి అసలేం పెట్టావు?"

ఒక సందేహం నేరారోపణగా మారడానికి పట్టిన కాలం యాభై నిమిషాలు. జబ్బు ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. నేరం చేసిన మనిషి మాత్రం దొరికింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ అయిదు పాయింట్ ఎనిమిది వచ్చి పడింది దానిమీదే. ముప్పై రెండో ఏట నేనొక పరిశోధన మొదలుపెట్టాను. ఇంటింటి సర్వేల్లో మనుషులు జ్ఞాపకం మీద చెప్పే జవాబుల్లో ఎలాంటి తప్పులు దొర్లుతాయి, వాటిని ఎలా సరిదిద్దాలి అన్నది విషయం. మూడు అధ్యాయాలు అయ్యాక మా అత్తగారి తుంటి ఎముక విరిగింది. "రెండేళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టుకో, అదెక్కడికి పోతుంది?" అన్నారు మా ఆయన. నిజంగానే అది ఎక్కడికీ పోలేదు. వంటింటి అటకమీద ముప్పై మూడేళ్లు ఉంది. అరవై అయిదో ఏట దాన్ని దించి, దుమ్ము దులిపి, యూనివర్సిటీలో మళ్లీ పేరు నమోదు చేయించుకున్నాను. కౌంటరు దగ్గర గుమాస్తా నా దరఖాస్తు చూసి, "వయసు గడిలో తప్పు పడ్డట్టుంది, సరిచెయ్యండమ్మా," అన్నాడు. నా గైడు ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నిద్రపోయిన అమ్మాయి. ఇప్పుడు నా అధ్యాయాల్లో ఎర్రగీతలు గీస్తుంది, న్యాయమే. వారానికి నాలుగు పొద్దుటి పూటలు డిపార్ట్‌మెంటు లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాది. ఆరో అధ్యాయం సగంలో ఉంది. గడువు ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. మూడు నెలల మీద కొద్ది రోజులుంది. ఆ గడువు దాటితే పేరు కొట్టేస్తారు. అరవై ఏడేళ్ల మనిషికి మూడోసారి నమోదు చేసుకునే ధైర్యం ఉన్నా, గుమాస్తాకు నమోదు చేసే ధైర్యం ఉండదు.

మర్నాడే మా వదినగారు ఒక పెట్టెతో దిగింది. మా ఆయనకు అక్క, బడి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. రిటైరైన సంగతి బడికి మాత్రమే తెలుసు. పెట్టె తెరిచి ముందుగా తీసినది ఒక సీసా.

"విటమిన్లు. ఈ జబ్బుకి దివ్యంగా పనిచేస్తాయిట. పూటకి రెండు."

"డాక్టరు వద్దన్నాడు వదినా, ఇవి మింగితే ముప్పు పెరగొచ్చన్నాడు."

"డాక్టర్లు అన్నీ చెప్తారు. ఒరే తమ్ముడూ, నోరు తెరువు."

నేను సీసా తీసుకుని అలమారలో పెట్టి తాళం వేశాను. నలభై ఒక్క ఏళ్లలో ఆవిడ ఎదుట నేను వేసిన మొదటి తాళం అది. ఆవిడ నావైపు, క్లాసులో మొదటిసారి ఎదురు చెప్పిన పిల్లను చూసినట్టు చూసి, కుర్చీ లాక్కుని అసలు విషయానికొచ్చింది.

"ఆ లైబ్రరీ సంగతేం చేస్తున్నావమ్మాయ్?"

"ఏం చెయ్యాలి?"

"ఇంకా ఏం చెయ్యాలంటావేంటి? మనిషికి ఇంత కష్టమొస్తే! దగ్గరుండి ఆరు పూటలు కొలిచి వండి పెట్టాలి. చదువు ఎప్పుడైనా చదువుకోవచ్చు. మనిషి పోతే వస్తాడా?"

"అక్కా, నేనింకా ఇక్కడే ఉన్నా," అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి.

"నువ్వు మాట్లాడకు. నీకేం తెలుసు నీ గురించి?"

ఆ ఒక్క మాటలో మాత్రం ఆవిడతో నాకు పూర్తి ఏకాభిప్రాయం.

ఈ వాతావరణంలోనే ఆసుపత్రి డైటీషియన్ ఇచ్చిన నూట పన్నెండు ప్రశ్నల ఫారం నేను నింపాను. మొదటి ప్రశ్న ఆసుపత్రి వరండాలో కుర్చీలమీదే అయింది. మిగిలిన నూట పదకొండూ ఇంటికి తెచ్చుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. నిజం ఒప్పుకోవాలి: కసితో రాశాను. నేనేం పెట్టానని అడిగారు కదా, చూడండి అని రాశాను. టమాటా, ఉడికించినది, వారానికి అయిదుసార్లు, పూటకు నూటయాభై గ్రాములు. ఆకుకూర నాలుగుసార్లు. బీన్స్ మూడు. చేప ఒకసారి. కొలతకు ఏ గరిటె వాడేదీ, గరిటెకు ఎన్ని గ్రాములు పట్టేదీ అడుగున చిన్న గమనికగా రాశాను. వదినగారు నా భుజం మీదనుంచి చదువుతూ, "మరీ ఇంత మంచిగా ఉందా మనింట్లో?" అని ఒకసారి, "దీన్నిబట్టి చూస్తే తప్పెక్కడుందో తెలీట్లేదే," అని ఒకసారి నిరాశపడింది. ముగించి సంతకం చేసేచోట ఆయన సంతకం చేశారు, చదవకుండా. అలా సంతకం చేసిన కొట్టువాళ్లకు ఆయన తమ కాలంలో జరిమానాలు వేసేవారు.

డైటీషియన్ తలలో పెన్సిలు గుచ్చుకున్న ముప్పై ఏళ్ల పిల్ల. మేము ముగ్గురమూ ఆమె ఎదుట వరుసగా కూర్చున్నాం. ఫారం పేజీ పేజీ తిప్పి, మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇంత శుభ్రంగా నింపినది నేనింతవరకు చూళ్లేదు."

"మా మరదలు లెక్కల మేడమ్," అంది వదినగారు. నన్ను ఇంకొకరి ముందు ఆవిడ సొంతం చేసుకోవడం కూడా అదే మొదలు. ఆ నెలంతా మొదటిసార్లే.

"సార్ ఒకసారి బరువు చూసుకుంటారా?"

మా ఆయన యంత్రమెక్కారు. తొంభై నాలుగు చూపించింది. కిందికి దిగకుండానే వంగి దాని పక్కలూ అంచులూ పరిశీలించారు.

"దీనికి ముద్ర ఎప్పుడు వేయించారమ్మా?"

"ముద్రేంటి సార్?"

"తూనికల శాఖ ముద్ర. ఎప్పటికప్పుడు వేయించాలి. ఇది కనీసం రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోంది."

"రెండు తీసేద్దాం సార్. తొంభై రెండు." ఆ పిల్ల పెన్సిలు తలలోంచి తీసింది. "కానీ ఈ ఫారంలో ఉన్న మనిషి డెబ్బై కిలోలు దాటడానికి వీల్లేదు. రోజూ ఇన్ని కూరగాయలు, ఇంత తక్కువ కొవ్వు. ఫారంలో ఉన్నాయన, మీరూ ఒక్కరు కారు. సార్, నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారో చెప్పండి."

ఆయన మెడ సగం నా వైపు తిరిగింది. "అమ్మని చూడకుండా," అంది ఆ పిల్ల.

"మాంసం... బంగాళదుంపలు, వేయించినవి. రొట్టె, వెన్న. గ్లాసుడు పాలు."

"టమాటాలు?"

"ఉన్నాయి. మాంసంతోపాటు ఉడికాయి."

"తిన్నారా?"

తనిఖీలో పట్టుబడ్డ కొట్టువాడి మొహం ఎలా ఉంటుందో ఆయన నాకు ఎన్నోసార్లు వర్ణించారు. చూడటం ఇదే.

"అవీ... మెత్తగా ఉంటాయి కదా. తొక్కలు నోటికి తగుల్తాయి. అంచుకి పెడతాను."

"ఆకుకూర?"

"అదీ కొంచెం అంచుకే."

"బీన్స్?"

"అమ్మా, అన్నీ విడివిడిగా అడగడమెందుకు? ఆకుపచ్చవన్నీ అంచుకే."

"తర్వాత ఏమవుతాయవి?"

"తర్వాత ఏముంది. ఉండవు." ఆయన నిజాయితీగా ఆలోచించారు. "పళ్లెం లోపలికి వెళ్తుంది. తర్వాత ఉండవు."

ఆయన పళ్లెంలోంచి కూరగాయలు నలభై ఒక్క ఏళ్లుగా ఆవిరైపోతున్నాయన్న సంగతి అలా బయటపడింది. వెంటనే అందుకుంది వదినగారు, ఇంటి పరువు కాపాడుతున్న గర్వంతో.

"పారేస్తామా ఏంటి? మా మరదలు తినేస్తుంది. మా అమ్మ చెప్పింది తు.చ. తప్పదు, ఆ విషయంలో వంక పెట్టలేం."

పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఆయన పళ్లెం నా చేతికిచ్చి చెప్పిన మాట నాకు ఆవిడ గొంతుతో సహా వినిపించింది: "మొగాడు మిగిల్చింది పారెయ్యకమ్మాయ్. ఓ ముద్ద కలిపి కానిచ్చేస్తే నీకు వేరే వండుకునే పనుండదు." ఆ మాటలో దురుద్దేశమేమీ లేదు. ఆవిడా అంతే చేసింది. ఆవిడ అత్తగారూ అంతే చేసి ఉంటుంది. గిన్నెలో మిగిలినదీ పళ్లెం అంచున మిగిలినదీ కలిపి నిలబడి తినడం నాకు పనిలా కూడా అనిపించేది కాదు. వంటింటి గట్టు తుడవడానికి ముందు చేసే ఒక చిన్న శుభ్రత, అంతే.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మీ బరువెంతమ్మా?"

"యాభై ఆరు."

"రక్తపోటు?"

"లేదు."

"షుగరు?"

"లేదు."

ఫారం మూసి నా ముందుకు జరిపింది. "ఇందులో ఉన్నది మీరమ్మా."

నాకు మొదట సిగ్గేసింది, భార్యగా కాదు, విద్యార్థినిగా. జ్ఞాపకం మీద జవాబిచ్చే మనిషి తాను చేసిన పనినీ జరిగిన పనినీ ఒకటే అనుకుంటాడని మూడో అధ్యాయంలో నలభై పేజీలు రాసినదాన్ని, నేను వడ్డించిన ప్రతిదాన్నీ ఆయన తిన్నట్టు రాసి గ్రాములు వేసి ఇచ్చాను. గరిటె కొలతతో సహా! సిగ్గు దిగిన తర్వాత రెండో ఆలోచన వచ్చింది. టమాటాలు, ఆకుకూరలు, బీన్స్, క్యాబేజీ, ఆ గ్రంథికి మేలు చేస్తాయేమోనని లోకంలో శాస్త్రవేత్తలు అనుమానించిన ప్రతి పదార్థమూ నలభై ఒక్క ఏళ్లుగా ఒక్క పూట తప్పకుండా నా కడుపులోకి వెళ్లింది.

"అంటే," అన్నాను, "మా ఇంట్లో అన్నిటికన్నా భద్రంగా ఉండాల్సిన ప్రోస్టేట్ గ్రంథి నాది. చిక్కల్లా, నాకది లేకపోవడమే."

ముందు నవ్వింది మా ఆయనే. కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వారు. తర్వాత ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆగింది. ఆయన నా వైపు చూస్తూ ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదిపారు.

"రోజూనా?" అన్నారు మెల్లగా.

"రోజూ."

"ఇంతకీ," అని వదినగారు బల్ల మీద వేలితో కొట్టింది, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. చార్టు రాసివ్వండి. అమ్మాయి వండి పెడుతుంది, ఇకమీదట పక్కన కూర్చుని తినిపిస్తుంది కూడా. లైబ్రరీ మానేస్తోంది."

ఆ పిల్ల చార్టు రాసింది. ఆరు పూటలు, కొలతలు, ప్రతి పూటా తిన్నది రాసుకోవడానికి గడులు. ఇది తింటే జబ్బు రాదని తను చెప్పలేనని, బరువు తగ్గితే ఏ జబ్బుకైనా మంచిదేనని డాక్టరులాగే జాగ్రత్తగా చెప్పింది. "ఎవరు చూసుకుంటారు?" అని పెన్సిలు ఎత్తేసరికి ఇద్దరి తలలూ నా వైపు తిరిగాయి.

"ఈ ఫారంలో ఎన్ని తప్పులున్నాయో అన్నిటికీ కారణం ఒక్కటేనమ్మా," అన్నాను ఆ పిల్లతో. "తిన్న మనిషి ఒకరు, జవాబు చెప్పిన మనిషి ఇంకొకరు. మళ్లీ అదే ఏర్పాటు చేస్తే మళ్లీ ఇదే ఫారం వస్తుంది. అందుకని వండేది ఆయన, వడ్డించుకునేది ఆయన, రాసేది ఆయన. నేను లైబ్రరీకి పోతాను."

"అయ్యో అయ్యో," అంది వదినగారు. "మొగాడు పొయ్యి దగ్గరా?"

"మీ తమ్ముడు ముప్పై నాలుగేళ్లు ఊరందరి సరుకూ తూచారు వదినా. తన సరుకు తూచుకోలేరా?"

ఆ పిల్ల నవ్వు దాచుకోవడానికి తల వంచి, సొరుగులోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి నాకిచ్చింది. "ఇది మీ గురించి నింపి తీసుకురండి. సార్‌తో పన్లేకుండా."

ఇల్లు చేరాక వదినగారు తలనొప్పితో పడుకుంది. మా ఆయన బాల్కనీలో కూర్చున్నారు. కింద వీధిలో ఎవరో స్కూటరును తన్ని తన్ని స్టార్టు చేస్తున్నారు. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను.

"కోపమొచ్చిందా?" అన్నారు.

"రాలేదు."

"వంట నేర్చుకోవడం పెద్ద పనేం కాదులే." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "అది కాదు. నువ్వు ఇంట్లో తిరుగుతుంటే, గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే, నాకేమీ కాదనిపిస్తుంది. నువ్వటు వెళ్లగానే ఆ అంకె గుర్తొస్తుంది. మా నాన్న పోయింది కూడా దానివల్లేనేమో, అప్పట్లో ఎవరు చూశారు?"

అదీ అసలు బరువు. ఆయన నన్ను వంటకోసం ఆపితే సులభంగా లేచి వెళ్లిపోగలను. భయంకోసం ఆపుతున్నారు. ముప్పై అయిదేళ్ల కింద తుంటి విరిగినప్పుడు అత్తగారూ నన్ను ఆపింది మంచం దగ్గర మనిషి కావాలనే, దుర్మార్గంతో కాదు. నన్ను ఆపినవాళ్లెవరూ దుర్మార్గులు కారు. అందుకే అన్నిసార్లు ఆగిపోయాను.

"రేపు పొద్దున వెళ్తాను," అన్నాను. "మధ్యాహ్నం రెండింటికల్లా వస్తాను. వచ్చాక మీ భయం దగ్గర ఎంతసేపైనా కూర్చుంటాను. టమాటాల దగ్గర మాత్రం కూర్చోను."

ఆయన తలూపారు. "తూకానికి మంచి యంత్రం కొనాలి," అన్నారు. "ముద్ర ఉన్నది."

తర్వాతి వారాల గురించి ఎక్కువ చెప్పను; మా వంటింటి గోడలమీది ఎర్రటి మరకలే చెబుతాయి. ఆయన టమాటాను తూచి, తొక్క తీసి, గింజలు తీసి, మళ్లీ తూచి, నష్టం ఎంతో గోడ క్యాలెండరు మీద రాశారు. ఉడకడం అంటే ఏమిటో నిర్వచించమని లైబ్రరీకి ఫోన్ చేశారు. "రుచి చూడండి," అన్నాను. "అది ప్రమాణం కాదు," అన్నారు. వదినగారు నాలుగు రోజులు పొయ్యి పక్కన నిలబడి, తమ్ముడు ప్రతి గరిటెనూ పరీక్షించి దీని పొడవు సరిగా లేదు, దాని పిడి వదులైందని తీసి పక్కన పడేస్తుంటే చూడలేక, పెట్టె సర్దుకుంది. సీసా తీసుకుపోవడం మరచిపోలేదు. పోతూ గుమ్మంలో నాతో, "ఆ ఆకుకూర వాడు చేసింది బాగానే ఉంది, ఎవరికీ చెప్పకు," అంది.

ఖాళీ ఫారం నా బల్ల మీదే ఉంది. నూట పదకొండు ప్రశ్నలకు ఒక్క సాయంత్రంలో జవాబు రాశాను. అవి ఆయన పేర అదివరకే రాసినవే. నూట పన్నెండోది, "మీకు బాగా ఇష్టమైన పదార్థాలు మూడు రాయండి." ఆయన ఫారంలో ఆ గడి నింపడానికి నాకు మూడు సెకన్లు పట్టింది. మా అమ్మాయివి, వదినగారివి, పోయి ఇరవై ఏళ్లయిన అత్తగారివి కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. నేనేం తిన్నానో నాకు తెలుసు, గ్రాములతో సహా. నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు. అది చిన్న సంగతి. నన్ను నేనూ అడగలేదు. ఆ గడి అలాగే వదిలేశాను, మూడు వారాలు, ఆరు వారాలు.

రెండో పరీక్షలో అంకె అయిదు పాయింట్ ఒకటి వచ్చింది. ఆయన బరువు ఎనభై తొమ్మిది, ముద్ర ఉన్న యంత్రం మీద. "టమాటాలే!" అంది వదినగారు ఫోన్‌లో. ఈ మాత్రం తేడాకు ఏ అర్థమూ వెతకొద్దు, దానంతటదే ఊగుతుంది, ఆరు నెలలకు మళ్లీ రండి అన్నాడు డాక్టరు. మా ఆయన మెట్లమీద నిలబడి వాళ్లక్కకు, "ఏమీ తేలలేదక్కా. ఆరు నెలలదాకా తేలదు," అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన జీవితంలో అంత కచ్చితమైన నివేదిక ఇచ్చింది ఆ రోజే అనుకుంటాను.

ఆ తర్వాత రెండో రోజున నేను థీసిస్ ఇచ్చేశాను. మూడు ప్రతులు, నాలుగు వందల పన్నెండు పేజీలు. గుమాస్తా తూకం చూసినట్టు చేత్తో ఎత్తి చూసి, "ఇదంతా మీరే రాశారా?" అన్నాడు. "నేనే," అన్నాను. రశీదు తీసుకుని బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది, ఆకలేస్తోంది. సంచిలో డబ్బా లేదు. రెండేళ్లూ నా డబ్బాలో ఉండేది ముందురోజు మిగిలినదే. ఇప్పుడు మా ఇంట్లో ఏదీ మిగలదు. ఆయన తూచి వండుతారు, తూచినంతా తింటారు. నా వంతు తూచనా అని ఆయన అడిగిన ప్రతి పొద్దునా, తొందరలో ఉన్నానని లేచి వెళ్లిపోయేదాన్ని.

యూనివర్సిటీ క్యాంటీన్‌లోకి నేను అంతవరకు అడుగు పెట్టలేదు. పొడుగాటి గది, రేకు బల్లలు, ఒక పక్కన అద్దం వెనక పదిహేను పళ్లేలు. కుర్రకారు వరుసలో నిలబడి వేళ్లతో చూపించి తీసుకుపోతున్నారు, ఒక్కొక్కరికి పది సెకన్లు కూడా పట్టడం లేదు. నా వంతు వచ్చింది. అద్దం వెనకనున్న లావుపాటి ఆడమనిషి గరిటె పట్టుకుని నన్ను చూసింది.

"మీకేం కావాలమ్మా?"

నేను మొదటి పళ్లేన్ని చూశాను. రెండోది చూశాను. వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏదో ఒకటి పెట్టెయ్యనా?" అంది ఆవిడ, జాలిగా.

"వద్దు," అన్నాను. "ఆలోచించుకోనీ."

నా వెనక వరుస పెరుగుతూ తలుపుదాకా పోయింది. పోనిచ్చి, మళ్లీ మొదటి పళ్లెం దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కటే చూడసాగాను.